గెర్ట్ ఫ్లాక్ నెల్ అని దక్షిణాఫ్రికాలో ఆఫ్రికాన్స్ భాషలో రాసే కవి, గాయకుడి గురించి ఎవరికైనా తెలుసా? మా రేవు పాట మీద ఒక సందేహం కూడా

పంటు రేవు:

అందరికీ నమస్కారం అండి. మాది సఖినేటిపల్లి దగ్గర. నరసాపురంలో మొబైల్ షాపులో పని, కాబట్టి పొద్దునా సాయంత్రం వశిష్ట గోదావరి దాటించే పంటు పడవలోనే తిరుగుతాను. ఖాళీ దొరికితే గిటారు పట్టుకుని పాటలు కట్టుకుంటాను. సినిమాల్లోకి వెళ్ళాలని కాదు, ఊరికే ఉండలేక.

మా చిన్నాన్న ఓడల్లో పనిచేస్తారు. కేప్‌టౌన్‌లో ఓడ ఆగినప్పుడు అక్కడెవరో వినిపించారట, నాకు ఒక పాట లింకు పంపారు. పాడినాయన పేరు గెర్ట్ ఫ్లాక్ నెల్. ఒక గిటారు, ఒక గొంతు, అంతే. గొంతు కూడా గొప్ప గాయకుడి గొంతులా లేదు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంది. భాష అర్థం కాలేదు. కానీ మధ్యలో ‘బ్యూటిఫుల్’ అని, ఆ వెంటనే ఏదో ఊరి పేరు వినపడ్డాయి. ఆ ఒక్క చోటు కోసమే మళ్ళీ మళ్ళీ విన్నాను. ఆయన ఎవరు, ఏం చేశారు, ఎన్ని పుస్తకాలు రాశారు? నెట్‌లో వెతికితే చాలా తక్కువ పాటలు కనపడుతున్నాయి. ఎందుకలా?

రెండో సంగతి. నేను ఆఖరి పంటు తప్పిపోయిన రాత్రి మీద ఒక పాట రాశాను. అందులో ‘సఖినేటిపల్లి రేవు’ అని ఉంది, ‘రూపాయి షాంపూ ప్యాకెట్టు’ అని ఉంది, ‘టికెట్’, ‘సిగ్నల్’ లాంటి మాటలు ఉన్నాయి. పాటలు రికార్డు చేసే ఒకాయన విని, ‘ఊరి పేరు తీసేసి నదీతీరం అని పెట్టు, షాంపూ తీసేసి సుగంధం అని పెట్టు, అప్పుడే అందరికీ కనెక్ట్ అవుతుంది’ అన్నారు. ఆయన అనుభవం ఉన్న మనిషి. అందుకే టెన్షన్‌గా ఉంది. మార్చమంటారా?

నిడదవోలు జంక్షన్:

తమ్ముడూ, ముందు నీ రెండో ప్రశ్నకి జవాబు: మార్చకు. ఎందుకంటున్నానో నీ మొదటి ప్రశ్న లోనే ఉంది.

నేను రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి నెదర్లాండ్స్‌లో ఉంటుంది, ఉద్యోగం కోసం డచ్ నేర్చుకుంది. ఆఫ్రికాన్స్ పుట్టింది డచ్‌లోంచే కాబట్టి ఆ పాటలు తనకి చాలావరకు తెలుస్తాయి. ఈ కవికి ఆ దేశంలోనూ, పక్కన బెల్జియంలోనూ మంచి శ్రోతలున్నారు. ఒకసారి ఫోన్‌లో, ‘నాన్నా, ఈయన మన జంక్షన్ లాంటి ఊరి గురించే పాడతాడు’ అని మొదలుపెట్టింది. అప్పట్నుంచీ తను ఒక్కో పాట విడమర్చి చెప్పడం, నేను వినడం మా ఇద్దరికీ అలవాటైంది.

ఆయన 1963లో బోఫోర్ట్ వెస్ట్ అనే ఊళ్ళో పుట్టాడు. దక్షిణాఫ్రికాలో కరూ అని పెద్ద మెట్ట ప్రాంతం ఉంది. వాన చాలా తక్కువ, గొర్రెల పెంపకమే ఆధారం, మైళ్ళ తరబడి ఇల్లు కనపడదు. దాని మధ్యలో ఈ ఊరు. 1880లో కేప్‌టౌన్ నుంచి రైలు పట్టాలు అక్కడిదాకా వచ్చాయి. ఇంజన్లు మార్చడం, సిబ్బంది దిగడం, కొత్తవాళ్ళు ఎక్కడం అన్నీ అక్కడే. ఊరి బతుకంతా ఆ స్టేషను చుట్టూనే అల్లుకుంది. తర్వాత రైల్వేలో పనులు తగ్గాక అలాంటి ఊళ్ళు ఎలా చిక్కిపోతాయో ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. క్వార్టర్లకి తాళాలు పడతాయి. క్యాంటీన్ మూస్తారు. ప్లాట్‌ఫారం పొడుగు మాత్రం అలాగే ఉంటుంది.

నెల్ అక్కణ్ణుంచి స్టెలెన్‌బాష్ యూనివర్సిటీకి వెళ్ళి ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, చరిత్ర చదివాడు. అది ఆఫ్రికాన్స్ వాళ్ళకి పేరున్న పెద్ద యూనివర్సిటీ. అక్కడ చదివినవాళ్ళు లెక్చరర్లు, లాయర్లు, మంత్రులు అయ్యారు. ఈయన టూరిస్టు గైడుగా చేశాడు, బార్‌లో పనిచేశాడు, వాచ్‌మన్‌గా చేశాడు.

1993లో ఒక కవితా సంపుటి వచ్చింది. ‘ఓం టె లేవ ఇస్ ఓనాట్యూర్లిక్’, అంటే బతకడం సహజమైన పని కాదు అని. దానికి 1994లో ఇంగ్రిడ్ యోంకర్ బహుమతి వచ్చింది. తొలి కవితా సంపుటికి అక్కడ అది గౌరవమైన బహుమతి. మన దగ్గరైతే ఆ ఊపులో ఏటా ఒక పుస్తకం వేసి, సన్మానాలు చేయించుకునేవాళ్ళు. ఈయన అలా చేయలేదు. గిటారు పట్టుకున్నాడు. 1998లో పాటల ఆల్బమ్ తెచ్చాడు, పేరులోనే ఊరు ఉంది: ‘బోఫోర్ట్ వెస్ స బ్యూటిఫుల్ వూర్డ’, అంటే బోఫోర్ట్ వెస్ట్ అందమైన మాటలు అని. నువ్వు విన్నది అందులోదే అయి ఉంటుంది. తర్వాతి ఆల్బమ్ ‘ఓన్‌హెర్రూప్లిక్’ 2007లో వచ్చింది. మధ్యలో 2006లో వాల్టర్ స్టోక్‌మన్ అనే డచ్ దర్శకుడు ఆయన మీద, ఆయన ఊరి మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. చూడాల్సిన సినిమా అది.

‘ఎందుకింత తక్కువ’ అన్నావు. తక్కువ అనేది నాకు లోటుగా అనిపించదు. ఆయన రాసిందంతా దాదాపు ఒకే ఊరి గురించి, ఒకే కాలం గురించి, వదిలేసి వచ్చిన కొందరు మనుషుల గురించి. కవితలో వచ్చిన మనిషే పాటలోనూ వచ్చినట్టు ఉంటుంది. ఒకే బావిలో ఎన్నిసార్లు చేద వేసినా నీళ్ళు వస్తున్నప్పుడు ఇంకో బావి తవ్వాల్సిన పనేముంది? ఎక్కువ రాస్తేనే కవి అన్న లెక్క నేను ఒప్పుకోను. ఒక పాట బాగా కుదరడానికి ఏళ్ళు పట్టినా పట్టనీ.

ఇక షాంపూ సంగతి. ఆ 1998 ఆల్బమ్‌లో ఒక పాట పేరు ‘టిమొటై షాంపూ’. నిజంగానే అది దుకాణంలో అమ్మే షాంపూ పేరు. 1980ల్లో టీవీ ప్రకటనలతో చాలా దేశాల్లో తెలిసిన సరుకు. బహుమతి అందుకున్న కవి, యూనివర్సిటీలో సాహిత్యం చదివినవాడు, ఆ పేరు అలాగే ఉంచాడు. ఎందుకంటే ఆ ఏళ్ళలో ఆ ఊళ్ళో ఒక ఆడపిల్ల జుట్టుకి ఉన్న వాసనని ‘సుగంధం’ అంటే అది ఎవరి జుట్టూ కాకుండా పోతుంది. షాంపూ పేరు చెప్పగానే ఏ సంవత్సరమో తెలుస్తుంది, ఎంత డబ్బున్న ఇల్లో తెలుస్తుంది, ఆ పిల్ల టీవీ చూస్తుందనీ తెలుస్తుంది. నీ రూపాయి ప్యాకెట్టు కూడా అంతే. సీసా కొనలేని ఇల్లు, కొట్టు ముందు దండలా వేలాడే ప్యాకెట్లు, ఒకటి చించి ఇద్దరు అక్కచెల్లెళ్ళు పంచుకోవడం, ఇదంతా నువ్వు ఒక్క ముక్కలో చెప్పేశావు. దాన్ని తీసేయమంటే ఎలా?

భాష సంగతీ అంతే. ఆయన ఆఫ్రికాన్స్ మధ్యలో ఇంగ్లీషు మాటలు ఏ మొహమాటం లేకుండా వస్తాయి, ఆ ఊళ్ళో జనం మాట్లాడేది అలాగే కాబట్టి. నువ్వు విన్న ‘బ్యూటిఫుల్’ అదే. మన పశ్చిమ గోదావరి నండూరి సుబ్బారావు గారు ఎంకి చేత, నాయుడుబావ చేత వాళ్ళు మాట్లాడే మాటలే మాట్లాడించారు. పల్లెటూరి యాస పాటలకి పనికిరాదని ఆ రోజుల్లోనూ పండితులు అన్నారు. ఎంకి మాత్రం ఇవాళ్టికీ ఉంది.

ఊరి పేరు తీసేస్తే అందరికీ కనెక్ట్ అవుతుందన్నారు కదా ఆ పెద్దాయన. బోఫోర్ట్ వెస్ట్ ఎక్కడుందో నీకు తెలియదు, మీ చిన్నాన్నకి తెలియదు. అయినా ఆ పేరు దగ్గరే నువ్వు ఆగిపోయావు. ఆయన ‘ఒక ఎడారి ఊళ్ళో’ అని పాడి ఉంటే నువ్వు ఇక్కడ ఈ ప్రశ్న అడిగేవాడివే కాదు.

లంక పొలం:

జంక్షన్ గారూ, బాగా చెప్పారండి. కానీ నాకు ఒకటి మనసులో ఒప్పడం లేదు, అడగకుండా ఉండలేను. ఆఫ్రికాన్స్ అంటే వర్ణవివక్ష నడిపిన ప్రభుత్వం భాష కదా? 1976 జూన్ 16న జోహన్నెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ళుండే సొవేటోలో స్కూలు పిల్లలు వీధుల్లోకి వచ్చింది ఆ భాషలో పాఠాలు చెప్పొద్దనే కదా? నల్లవాళ్ళ బడుల్లో లెక్కలు, సాంఘికం లాంటివి ఆఫ్రికాన్స్‌లో చెప్పాలని ప్రభుత్వం ఆర్డరు వేసింది. పిల్లలు ఊరేగింపు చేస్తే పోలీసులు కాల్చారు. హెక్టర్ పీటర్సన్ అనే పన్నెండేళ్ళ అబ్బాయి చనిపోయాడు. ఆ ఫోటో నేను ఇంటర్ చదివేటప్పుడు చూశాను, ఇప్పటికీ మర్చిపోలేదు.

1963లో పుట్టిన తెల్లవాడు అంటే ఆ పిల్లల ఈడువాడే. వాళ్ళు చచ్చిపోతుంటే ఈయన షాంపూ గురించి, చిన్న ఊరి గురించి పాడుకుంటే మనం మురిసిపోవాలా? రైల్వే ఉద్యోగాలు కూడా అప్పట్లో పేద తెల్లవాళ్ళకి రిజర్వు చేసినట్టే ఇచ్చేవారని చదివాను. కోపంతో అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కేప్‌టౌన్‌లో కాకినాడ:

లంక పొలం గారూ, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నేను కాకినాడ జగన్నాథపురం అమ్మాయిని, ఇక్కడ కేప్‌టౌన్‌లో ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. వచ్చిన కొత్తలో నాకూ ఇదే అభిప్రాయం ఉండేది. నాతో డ్యూటీ చేసే అక్క తెల్లావిడ కాదు. ఇంట్లో వాళ్ళమ్మతో, పిల్లలతో మాట్లాడేది ఆఫ్రికాన్సే. కొట్లాడినా, ప్రార్థన చేసుకున్నా, పిల్లల్ని ముద్దు చేసినా ఆ భాషే. ఈ దేశంలో ఆఫ్రికాన్స్ మాతృభాషగా ఉన్నవాళ్ళలో సగానికి పైగా తెల్లవాళ్ళు కాని వాళ్ళే. ఇది ఇక్కడికి వచ్చేదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మన గోదావరి వాళ్ళకి మరీ దగ్గరయ్యే సంగతి ఒకటుంది. 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ కేప్‌లో మకాం పెట్టింది. అదే కంపెనీకి మన పాలకొల్లులో బట్టల వ్యాపారం కోసం ఫ్యాక్టరీ ఉండేది, మా జగన్నాథపురంలోనూ ఉండేది. ఆ ఓడల్లో బట్టలొక్కటే కాదు, మనుషులూ వెళ్ళారు. బెంగాల్ నుంచి, మన కోరమండల్ తీరం నుంచి, ఇండోనేషియా దీవుల నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చి కేప్‌లో అమ్మారు. యజమానుల డచ్ ఈ మనుషుల నోళ్ళలో, ఇక్కడి ఖోయ్‌ఖోయ్ జనం నోళ్ళలో అరిగి, విరిగి, కొత్త భాష అయింది. 19వ శతాబ్దంలో కేప్ ముస్లింలు తమ మదరసాల కోసం దాన్ని అరబిక్ లిపిలో రాసుకున్నారు. 1925లో అధికార భాష అయింది. ఆ తర్వాత జాతీయవాదులు ‘ఇది మా తెల్లవాళ్ళ సొత్తు’ అని జెండాలా ఎగరేశారు. అంటే ముందు మనుషుల్ని దోచుకున్నారు, తర్వాత వాళ్ళు చేసుకున్న భాషనీ దోచుకున్నారు. సొవేటో పిల్లలు తిరగబడింది ఆ జెండా మీద. వాళ్ళదే న్యాయం, అందులో రెండో మాట లేదు.

ఇక ఆ భాషలో పాడినవాళ్ళు అందరూ నోరుమూసుకుని కూర్చోలేదు. జంక్షన్ గారు చెప్పిన బహుమతి ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఇంగ్రిడ్ యోంకర్ 1960లో, నల్లవాళ్ళు ఎక్కడికెళ్ళినా అనుమతి పుస్తకం దగ్గర ఉంచుకోవాలనే పాస్ చట్టాల మీద నిరసనలు జరుగుతున్నప్పుడు, కేప్‌టౌన్ దగ్గరి న్యాంగాలో సైనికుల కాల్పుల్లో చనిపోయిన పసివాడి మీద ఆఫ్రికాన్స్‌లోనే కవిత రాసింది. వాళ్ళ నాన్న అధికార పార్టీ ఎంపీ, పుస్తకాల సెన్సార్ కమిటీకి పెద్ద. కూతురు ఆ చట్టాలకి బహిరంగంగానే ఎదురు నిలబడింది. 1965లో ఇక్కడే సముద్రంలోకి నడిచి వెళ్ళిపోయింది, 31 ఏళ్ళకే. మండేలా 1994 మే 24న కొత్త పార్లమెంటులో ప్రసంగిస్తూ చదివింది ఆవిడ కవితనే. సరిగ్గా ఆ ఏడే ఆవిడ పేరు మీది బహుమతి నెల్‌కి వచ్చింది.

పాటల్లో యోహానస్ కెర్కోరెల్ ఉన్నాడు, అసలు పేరు రాల్ఫ్ రాబీ. పత్రికలో విలేఖరి. అధ్యక్షుడు పి.డబ్ల్యు. బోథా ప్రసంగాల ముక్కల్ని తన ప్రదర్శనలో వాడుకున్నందుకు 1987లో ఉద్యోగం పోయింది. 1989లో కూస్ కొంబైస్ లాంటి గాయకులతో కలిసి ‘ఫూల్‌ఫ్రై’ అని దేశమంతా టూరు చేశాడు. స్టెలెన్‌బాష్ సహా కొన్ని క్యాంపస్‌లు రానివ్వలేదు, ప్రభుత్వ రేడియో పాటలు ఆపేసింది. కుర్రాళ్ళు ఊరి బయట హాళ్ళు వెతుక్కుని మరీ వెళ్ళి విన్నారు. తమ తండ్రుల ప్రభుత్వాన్ని తమ తల్లిభాషలో తిట్టడం వాళ్ళు మొదటిసారి విన్నారట. ఆ అక్క భర్త చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. కెర్కోరెల్ 2002లో చనిపోయాడు.

నెల్ అలాంటి పోరాట గాయకుడు కాదు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా. కానీ ఆయన పాటల్లో గెలిచిన జాతి గర్వం ఒక్క చుక్క కూడా నాకు వినపడలేదు. జెండా లేదు, పూర్వీకుల వీరగాథ లేదు. చేతిలోంచి జారిపోయిన మనుషులు, తాగుడు, వెళ్ళిపోయిన రైళ్ళు, వీటి మధ్య నిలబడ్డ ఒక మనిషి ఉన్నాడు. ఏ భాషని పెద్ద పెద్ద సభల్లో గొంతు పెంచి వాడారో, ఆ భాషని ఆయన తగ్గు గొంతుతో వాడాడు. నాకు అది చిన్న పని అనిపించదు. మీకు అలా అనిపించకపోతే అదీ న్యాయమే.

బోఫోర్ట్ వెస్ట్‌కి వెళ్ళాను. కేప్‌టౌన్ నుంచి జోహన్నెస్‌బర్గ్ వెళ్ళే ఎన్1 హైవే మీద దాదాపు 460 కిలోమీటర్లు. దారి పొడుగునా గాలిమర బోర్లు, గొర్రెలు, బల్లపరుపు కొండలు. డెల్టాలో పుట్టినదాన్ని, కంటికి పచ్చదనం దొరక్క ఒక రకమైన బెంగ పట్టుకుంది. హైవే ఊరి మధ్యలోంచే పోతుంది, డాంకిన్ స్ట్రీట్ అంటారు. రాత్రంతా లారీలు. మొదటి గుండె మార్పిడి చేసిన డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ పుట్టింది ఆ ఊళ్ళోనే, మ్యూజియం ఉంది. ఊరి పక్కనుంచి పోయే గాంకా నదిలో నీళ్ళు లేవు, ఎప్పుడో వాన పడితేనే పారుతుందట. కరువు ఎంతంటే, వాడిన మురుగునీటినే శుద్ధి చేసి మళ్ళీ తాగడానికి ఇచ్చే ప్లాంటు 2011లో అక్కడ పెట్టారు. మన కాలవ గట్టు మీద కూర్చుని ఆ పాటలు వినేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలా అర్థమవుతుంది.

లంక పొలం:

చాలా థాంక్స్ అండి. పాలకొల్లు సంగతి చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. డచ్చి వాళ్ళ పేరు మా తాతల కాలం నుంచీ వింటున్నాం కానీ, అక్కణ్ణుంచి మనుషుల్ని కూడా ఎక్కించారని ఏ పుస్తకంలోనూ చదవలేదు. నా ప్రశ్న పూర్తిగా తీరిందని అనను. కెర్కోరెల్‌వి ముందు వింటాను, తర్వాత నెల్.

పంటు రేవు:

నేను అడిగినదానికంటే ఎక్కువే దొరికింది అండి. జంక్షన్ గారూ, రేవు పేరు ఉంచుతున్నాను. ప్యాకెట్టు కూడా.

ఇంకొక్కటి అడుగుతాను. ఆయన ట్యూనులో నా తెలుగు మాటలు పెట్టి పాడితే ఎలా ఉంటుంది? సరదాగా మా షాపులో పాడితే అందరూ బాగుందన్నారు. అలాగే రికార్డు చేసి పెట్టేయొచ్చా?

నిడదవోలు జంక్షన్:

షాపులో పాడుకుంటే ఎవరూ ఏమీ అనరు. రికార్డు చేసి నెట్‌లో పెట్టాలంటే మాత్రం ట్యూను ఆయనది, అనుమతి అడగాలి. కవులకి డబ్బు వచ్చే దారులే తక్కువ, అందులోంచి మనం తీసుకోకూడదు.

అదీకాక ఆ ట్యూను నీ మాటలకి సరిపోదు. ఆయన పాట నడక రైలు ఊరి నడక. మీ రాజోలు వైపు ఇప్పటికీ రైలే లేదు, కోటిపల్లి దగ్గరే పట్టాలు ఆగిపోయాయి. నీది పంటు. ఇంజను డుగుడుగుమంటూ ఏటికి అడ్డంగా వెళ్తుంది, మధ్యలో ప్రవాహం పక్కకి లాగుతుంది, రేవు దగ్గర ఒక్కసారి నెమ్మదిస్తుంది. ఆ తాళం నీకు రోజూ కాళ్ళ కింద ఆడుతూనే ఉంది. దాని మీద కట్టు.

ఒక సలహా. పల్లవిలో ‘ఆఖరి పంటు వెళ్ళిపోయింది’ అని మొదలుపెట్టానని మెసేజ్‌లో రాశావు కదా. టైమ్ కూడా పెట్టు. ఎన్ని గంటల పంటో చెప్పు. అక్కడ ఒక్కడే నిలబడ్డవాడు ఎంతసేపు నిలబడ్డాడో వినేవాళ్ళే లెక్కేసుకుంటారు.

కేప్‌టౌన్‌లో కాకినాడ:

రికార్డు అయ్యాక ఇక్కడే పెట్టు తమ్ముడూ. మా వార్డు అక్కకి వినిపిస్తాను. ముందు అర్థం చెప్పను. ఏ మాట దగ్గర ఆగి ‘ఇదేంటి’ అని అడుగుతుందో చూసి నీకు రాస్తాను.